ఇక్కడ అనే మాట వెంట ఎనిమిది రోజులు

విమానం ఎక్కేదాకా అమ్మది ఒకటే మాట. "సమరయ స్త్రీతో ప్రభువు ఏమన్నాడురా? ఈ కొండ మీదా కాదు, యెరూషలేములోనూ కాదు, ఆత్మతోనూ సత్యంతోనూ ఆరాధించాలి అన్నాడు. మరి మనం అంత దూరం పోయి చూసేదేముంది?" యోహాను సువార్త నాలుగో అధ్యాయం ఆమెకు కంఠస్థం. నా దగ్గర జవాబు లేదు. వెళ్లాలన్న కోరిక మాత్రం చాలా ఏళ్లుగా ఉంది. చివరికి నా కోసమని బయలుదేరింది. 2019 ఫిబ్రవరి. మా బృందంలో ముప్పైమందికి పైగా ఉన్నాం, ముందు మా పాస్టరు అయ్యగారు. అమ్మ చేతిసంచిలో పెద్దక్షరాల బైబిలు, మోకాళ్ల నొప్పులకు మాత్రలు.

మొదటి రోజు – కైసరయ, నజరేతు

టెల్ అవీవ్‌లో దిగి సముద్రం పక్కగా ఉత్తరానికి వెళ్తుంటే ముందు కైసరయ వచ్చింది. హేరోదు కట్టించిన రేవు పట్నం. ఇక్కడి రంగస్థలంలో 1961లో ఒక రాయి దొరికింది. ఎప్పుడో ఎవరో దాన్ని తిరగేసి మెట్టుగా వాడుకున్నారు. దాని మీద లాటిన్‌లో, యేసును సిలువకు అప్పగించిన పిలాతు పేరు, యూదయ అధికారి అన్న హోదా చెక్కి ఉన్నాయి. అసలు రాయి యెరూషలేము మ్యూజియంలో ఉంది, ఇక్కడున్నది నకలు. అయినా దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. విశ్వాస ప్రమాణంలో యేసు పేరు కాక మరో ఇద్దరి పేర్లే వస్తాయి: మరియ, పిలాతు. మనం నమ్మేది ఏ కాలానికీ ఏ ఊరికీ చెందని కథ కాదు, ఫలానా అధికారి ఏలుబడిలో ఫలానా చోట జరిగిందని ఆరాధనలో నోరారా చెప్పుకుంటాం. ఆ చెప్పుకునే పేరే రాతిమీద కనిపిస్తే ఒళ్లు జలదరించింది.

సాయంత్రానికి నజరేతు. ప్రకటన దేవాలయం 1969లో ప్రతిష్ఠించినది, పెద్దది. దాని గర్భంలో మాత్రం చిన్న గుహ ఉంది, గబ్రియేలు మరియకు కనిపించిన చోటని చెప్పేది. ఇనుప కమ్ముల అవతల బలిపీఠం, దాని మీద లాటిన్‌లో ఒక వాక్యం. అయ్యగారు అర్థం చెప్పారు: వాక్యము ఇక్కడ శరీరధారియాయెను. యోహాను రాసిన మాటే అది, కానీ యోహాను రాయని ఒక పదం మధ్యలో చేరింది, 'హిక్'. అంటే 'ఇక్కడ'.

ఆ రాత్రి నిద్ర పట్టేదాకా ఆ ఒక్క పదమే మెదిలింది. నిజానికి అదే ఊళ్లో, నడిచి వెళ్లగలిగే దూరంలో, ఊటబావి దగ్గర గ్రీకు ఆర్థడాక్సు వారి గుడి ఉంది. దూత కనిపించింది అక్కడేనని వారి నమ్మకం. ఎవరి 'ఇక్కడ' సరైనదో నేను తేల్చలేను. కానీ మానవుడై పుట్టినవాడికి ఏదో ఒక ఊరు, ఏదో ఒక ఇల్లు ఉండి తీరాలి. అన్నిచోట్లా ఉన్న దేవుడు ఒకచోట ఉండటానికి ఒప్పుకున్నాడన్నదే కదా క్రిస్మసు.

రెండో రోజు – గలిలయ సముద్రం

పేరుకు సముద్రం, నిజానికి మంచినీటి సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువలో ఎక్కువ 13. సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన, చుట్టూ కొండల మధ్య పళ్లెంలో నీళ్లలా ఉంది. ఫిబ్రవరి కావడంతో గట్లన్నీ పచ్చగా ఉన్నాయి, గడ్డిలో ఎర్రటి పూలు. సొలొమోను కూడా ఇంత అలంకరించుకోలేదన్న మాటను ఇన్నేళ్లూ వినడమే, ఇప్పుడు చూశాం.

పడవ సరస్సు మధ్యకు వెళ్లాక ఇంజను ఆపేశారు. అమ్మ బైబిలు తెరిచి మార్కు నాలుగో అధ్యాయంలో ప్రభువు తుపానును అణచిన భాగం చదవడం మొదలుపెట్టింది. గాలికి కాగితాలు రెపరెపలాడుతుంటే ఒక అరచేత్తో పేజీ అదిమిపట్టి, రెండో చేతి వేలు అక్షరాల కింద జరుపుకుంటూ చదివింది. "నిశ్శబ్దమై ఊరకుండుము" అన్నచోట ఆమే ఆగిపోయింది. పడవ పక్కకు నీళ్లు తగిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎవరూ పాట ఎత్తుకోలేదు. అయ్యగారు కూడా ప్రసంగించలేదు, అందుకు ఆయనకు మనసులోనే వందనాలు చెప్పుకున్నాను.

చోటుకు తగిన వాక్యాన్ని ఆ చోటే చదవడం ఇవాళ్టి అలవాటు కాదు. నాలుగో శతాబ్దం చివర్లో ఎగేరియా అనే స్త్రీ పడమటి దేశాల నుంచి ఇక్కడికి యాత్ర వచ్చి, చూసిందంతా తన తోటి సహోదరీలకు రాసింది. ఏ చోటికి వెళ్లినా ముందు ప్రార్థన, తరువాత ఆ స్థలానికి సంబంధించిన వాక్యం, ఒక కీర్తన, మళ్లీ ప్రార్థన. ఆమె రాతప్రతి 1884లో ఇటలీలో బయటపడింది. 1600 ఏళ్లు దాటినా యాత్ర పద్ధతి మారలేదు. ఈ సంగతి చెబితే అమ్మ, "ఆడమనిషి అంత దూరం ఒక్కతే వచ్చిందా?" అంది. యెరూషలేము చేరేలోపు ఎగేరియా గురించి ఇంకో రెండుసార్లు అడిగింది.

కపెర్నహూములో పేతురు ఇల్లంటారే, అక్కడ నల్లరాతి గోడలు మోకాలెత్తున మిగిలాయి. వాటి మీద 1990లో స్తంభాలెత్తి కొత్త గుడి కట్టారు, దాని నేల మధ్యలో అద్దం. వంగి చూస్తే కింద ఆ గది. 1968 నుంచి తవ్విన ఫ్రాన్సిస్కన్ గురువులు చెప్పింది నాకు బాగా నచ్చింది. ఈ వాడలో మిగతా ఇళ్లలా ఇదీ మామూలు ఇల్లే. అయితే మొదటి శతాబ్దం మధ్య నుంచి ఆ ఒక్క గదిలో వంటపాత్రల పెంకులు ఆగిపోయాయి, దీపాలు కనిపించసాగాయి. గోడలకు సున్నం పూశారు. ఆ పూత మీద తరువాతి తరాలవాళ్లు గ్రీకులో, సిరియాకులో ప్రార్థనలు గీసిపోయారు. అంటే కాపురం చేసే గది కూడుకునే గది అయింది. రాజు ఆజ్ఞతో కాదు, ఎవరో కొందరు పొయ్యి తీసేసి దీపం పెట్టారు. పెద్ద గుళ్లన్నీ తరువాత సంగతి.

గినోసరులో పాత పడవను కూడా చూశాం. 1986లో కరువుకు సరస్సు లోపలికి పోయినప్పుడు బురదలో ఇద్దరు అన్నదమ్ములకు కనిపించింది. ఎనిమిది మీటర్లకు పైచిలుకు పొడవు, మొదటి శతాబ్దం నాటిది. యేసు పడవ అని పేరు పెట్టారు గానీ ఆయన ఎక్కాడనడానికి ఆధారం లేదు. నన్ను కదిలించింది వేరే. దానికి పన్నెండు రకాల కర్ర వాడారు. మంచి కర్ర కొనలేని పేద జాలరి, దొరికిన ముక్కల్లా అతికి అతికి నిలబెట్టుకున్న పడవ అది.

మూడో రోజు – యొర్దాను

ఖస్ర్ ఎల్ యహూద్ అనే చోట నదిలోకి దిగాం. దారికి రెండు పక్కలా కంచెలు, వాటికి మందుపాతరల హెచ్చరిక బోర్డులు. అవతలి ఒడ్డు జోర్డాన్ దేశం. అక్కడి బాప్తిస్మ స్థలాన్ని 2015లో యునెస్కో గుర్తించింది. రెండు ఒడ్ల మధ్య నాలుగైదు బారలు కూడా లేవేమో, మట్టిరంగు నీళ్లు. ఇదేనా యొర్దాను అనిపించింది. కుష్ఠు పోవాలంటే ఇందులో మునగమని ప్రవక్త ఎలీషా చెప్పినప్పుడు సిరియా సేనాని నయమానుకూ ఇలాగే అనిపించింది కదా, దమస్కు నదులు వీటికంటే మంచివి కావా అని కోపంగా వెనుదిరిగాడు. తీరా స్వస్థత పొందాక అతను అడిగిన కోరిక వింతైనది: రెండు కంచరగాడిదలు మోసేంత మన్ను ఇవ్వమన్నాడు. ఆ దేవుణ్ణి ఆరాధించడానికి ఆ నేలనే వెంట తీసుకుపోవాలనుకున్నాడు. ఎలీషా నవ్వలేదు, వద్దనలేదు. సమాధానంతో వెళ్లిరమ్మన్నాడు.

మా వాళ్లు కొందరు తెల్లంగీలు వేసుకుని మునిగారు. అమ్మ మునగలేదు. "ప్రభువు ఒక్కడే, విశ్వాసం ఒక్కటే, బాప్తిస్మం ఒక్కటే. నాది ఎప్పుడో అయిపోయింది నాన్నా" అని మెట్టు మీద కూర్చుని నీళ్లలో పాదాలు పెట్టుకుంది. పెట్టుకున్న పాదాలు మాత్రం చాలాసేపు తీయలేదు.

అక్కడి నుంచి యెరూషలేముకు దారంతా ఎక్కుడే, వెయ్యి మీటర్లకు పైగా. బస్సులో యాత్రకీర్తనలు చదువుకుంటూ వెళ్లాం. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అన్నది కాలినడకన ఎక్కేవాళ్ల పాటని కూర్చుని ఎక్కుతున్నా తెలిసింది.

నాలుగో రోజు – బేత్లెహేము

ఎత్తయిన కాంక్రీటు గోడ దాటితేగాని బేత్లెహేము రాదు. ఆ గోడ పక్కన నివసించే క్రైస్తవులు ఇప్పటికీ ఆరాధనకు వస్తూనే ఉన్నారు. స్థలాలంటే రాళ్లే అనుకునే మనం వారి కోసం ప్రార్థించడం మరచిపోతాం.

యేసు జనన దేవాలయపు వాకిలి ఎత్తు నాలుగడుగులు. పైన గోడలో పాత వాకిళ్ల ఆనవాళ్లు కనిపిస్తాయి, ఒకప్పుడు పెద్దగా ఉన్నదాన్ని రానురాను కుదించారు. రాజైనా వంగాల్సిందే. లోపల రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలపు చిత్రరాళ్ల నేల ఒకచోట చెక్క తలుపు కింద కనిపిస్తుంది, మిగతా కట్టడం ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించినది. కిందికి మెట్లు దిగితే గుహ. నేలమీద పద్నాలుగు కోణాల వెండి నక్షత్రం. దాని చుట్టూ లాటిన్ అక్షరాలు. ఈసారి అయ్యగారు చెప్పనక్కరలేకపోయింది, మొదటి పదం నేనే గుర్తుపట్టాను: 'హిక్'. కన్య మరియకు యేసుక్రీస్తు ఇక్కడ పుట్టెను.

ఇక్కడ అంతకుముందున్న నక్షత్రం 1847లో మాయమైంది. దాని చుట్టూ గురువుల తగవులు, తగవుల వెనుక రాజ్యాలు, కొన్నేళ్లకే క్రిమియా యుద్ధం. యుద్ధానికి వేరే కారణాలు ఎన్నో ఉన్నా, పవిత్ర స్థలాల మీద హక్కు ఎవరిదన్న తగాదా వాటిలో ఒకటి. 'ఇక్కడ' అన్న మాట 'ఇది మాది' అన్న మాటగా మారడానికి ఎంతసేపో పట్టదు. సమాధాన కర్త పుట్టిన చోటే ఇలా జరగడం తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

పక్కనే జెరోము గుహ. 386 నుంచి 420లో చనిపోయేదాకా ఆయన బేత్లెహేములోనే ఉండి బైబిలును లాటిన్‌లోకి తెచ్చాడు. పౌలా అనే రోమా స్త్రీ తన ఆస్తినంతా ఆ పనికీ మఠాలకూ ధారపోసింది. ఆ జెరోమే ఒక మిత్రుడికి ఉత్తరం రాస్తూ, పరలోక ద్వారం యెరూషలేము నుంచీ బ్రిటన్ నుంచీ ఒకేలా తెరిచి ఉందన్నాడు. ఆయన సమకాలికుడు, నిస్సా బిషప్పు గ్రెగరీ ఇంకా గట్టిగా అన్నాడు, చోటు మారినంత మాత్రాన దేవుడు దగ్గరకాడని. ఇదంతా అమ్మకు చెప్పాను. "చూశావా" అంది గర్వంగా. కాసేపాగి, "మరి ఆయన ఇక్కడే ఎందుకున్నాడట, బ్రిటన్‌లో ఉండక?" అంది.

ఐదో రోజు – ఒలీవల కొండ

పొద్దున్నే వాన. ప్రభువు పట్టుబడ్డ రాత్రి ప్రార్థించిన తోట గెత్సేమనే. ఆ పేరుకు అర్థం నూనె గానుగ. తోటలో ఎనిమిది పాత ఒలీవ చెట్లున్నాయి. 2012లో ఇటలీ శాస్త్రవేత్తలు పరీక్షించి, మూడింటి మాను పన్నెండో శతాబ్దం నాటిదని తేల్చారు. ఎనిమిదీ ఒకే తల్లిచెట్టు కొమ్మల నుంచి వచ్చాయని కూడా అన్నారు. ఆ రాత్రి చూసిన చెట్లు కావివి. ఒలీవ మాత్రం వేరు బతికి ఉంటే మళ్లీ చిగురేస్తుంది. మాను మీద పడ్డ వాననీరు మడతల్లోంచి దారి వెతుక్కుంటూ దిగుతోంది. పిండుతున్న బట్టలా మెలితిరిగిన బెరడు. అమ్మ కంచెను పట్టుకుని గొడుగు కింద నిలబడి ఏమీ చదవలేదు. "గంటసేపైనా మేల్కొని ఉండలేరా అన్నాడు పాపం" అంది, అంతే.

తరువాత చూసినవాటిలో, ప్రభువు పరలోకానికి ఎక్కిపోయిన చోటని చెప్పే ఆరోహణ మందిరం గుర్తుండిపోయింది. ఎనిమిది పలకల చిన్న కట్టడం, నేలమీద ఒక రాయి, అందులో ప్రభువు పాదముద్రని చెప్పే గుంట. ఆ మందిరం ముస్లింల అధీనంలో ఉంది, యాత్రికులను రానిస్తారు. ఆ రాయి పాదముద్రేనని నేను నమ్మలేదు. నమ్మకపోయినా పర్వాలేదనిపించింది, ఎందుకంటే దూతలు శిష్యులతో అన్నది మీరెందుకు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారనే.

ఆరో రోజు – పరిశుద్ధ సమాధి దేవాలయం

తెల్లారకముందే వెళ్లాం. తలుపు తాళంచెవి తరతరాలుగా ముస్లిం కుటుంబాల చేతిలో ఉంది. లోపల గ్రీకులు, లాటిన్లనే రోమన్ కేథలిక్కులు, ఆర్మీనియన్లు, ఈజిప్టు కాప్టులు, సిరియన్లు, మిద్దెమీద ఇతియోపీయులు. ఎవరి మూల ఎవరిది, ఏ దీపం ఎవరు వెలిగించాలి అన్నది 1852 ఒట్టోమన్ ఫర్మానాతో ఖాయమైంది. వాకిలి పైన కిటికీ దగ్గర ఒక చెక్క నిచ్చెన ఉంది, 1728 నాటి బొమ్మలోనూ కనిపిస్తుంది. దాన్ని కదపడానికి అందరి ఒప్పుదలా కావాలి గనక అది అలాగే ఉంది.

కాన్‌స్టంటైన్ కట్టించిన మందిరం 335లో ప్రతిష్ఠ అయింది. 1009లో ఫాతిమిద్ ఖలీఫా కూలగొట్టించాడు, మళ్లీ కట్టారు, క్రూసేడర్లు పెంచారు, 1808లో కాలింది. ఇన్ని కూలినా జనం చోటు మరచిపోలేదు. 2016 అక్టోబరులో సమాధి మీది పాలరాతి పలకను తీసి చూసినప్పుడు కింద మరో పలక, దాని అడుగున సున్నం. ఆ సున్నం నాలుగో శతాబ్దం నాటిదని పరీక్షల్లో తేలింది. అంటే కాన్‌స్టంటైన్ మనుషులు చూపించిన చోటే ఇవాళా చూపిస్తున్నారు.

ప్రభువును సిలువ వేసిన గొల్గొతా మెట్లు నిట్రంగా ఉన్నాయి. అమ్మ ఒక్కో మెట్టు దగ్గర ఆగి, గోడ పట్టుకుని ఎక్కింది. పైన బలిపీఠం కింద గుండ్రటి రంధ్రం, అందులో చెయ్యి పెడితే బండ తగులుతుంది. వరుసలో మా ముందు ఒక ఇతియోపీయ స్త్రీ తెల్లబట్ట కప్పుకుని ఏడుస్తోంది. కింద ప్రభువు దేహానికి పరిమళ తైలం పూశారని చెప్పే రాయి దగ్గర జనం గుడ్డలతో తుడుచుకోవడం చూసి అమ్మ, "ఇది విగ్రహారాధన కాదట్రా?" అని అప్పటికే చిన్నగా అడిగి ఉంది. ఆ స్త్రీ లేచాక అమ్మ వంతు. మోకాళ్ల మీద వంగలేని మనిషి, ఎలా వంగిందో వంగింది. చెయ్యి భుజందాకా లోపలికి పోయింది. తీసినప్పుడు వేళ్లకు నూనె జిడ్డు, కొవ్వొత్తి పొగ మసి. ఆ చేతిని చీరకు తుడుచుకోలేదు.

తరువాత సమాధి మందిరం. తలవంచి దూరాలి, నలుగురికే చోటు, కొన్ని క్షణాలే సమయం. అంతలో బయటినుంచి గురువు పిలుస్తాడు. పాలరాయి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. నజరేతులో ఇక్కడ, బేత్లెహేములో ఇక్కడ. ఈ చోట మాత్రం దూత పలికింది, "ఆయన ఇక్కడ లేడు". క్రైస్తవ లోకంలో అన్నిటికంటే పవిత్రమైన చోటు, ఆయన లేనందుకే పవిత్రం. అయితే అదే వచనంలో దూత వెంటనే మరో మాట అంటాడు: "రండి ప్రభువు పండుకొనిన స్థలము చూచి". లేడని చెప్పినవాడే చోటు చూడమంటాడు. చూశాక అక్కడే ఉండిపొమ్మనలేదు, త్వరగా వెళ్లి చెప్పమన్నాడు. అమ్మ వారమంతా అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఆ రెండు మాటలే. యోహాను నాలుగో అధ్యాయానికి అది అడ్డు కాదు. స్థలాలు సాక్షులు, యజమానులు కావు. సాక్షిని చూసి తీర్పుకు రావాలి గానీ సాక్షికి సాగిలపడకూడదు. ఆ ఇతియోపీయ తల్లి సాగిలపడింది రాతికని మాత్రం నేననుకోను.

ఏడో రోజు – తోట సమాధి

ప్రొటెస్టెంటులకు ఇష్టమైన చోటు. 1883లో గోర్డన్ అనే ఆంగ్ల సేనాని పుర్రె ఆకారపు గుట్టను చూసి ఇదే గొల్గొతా అన్నప్పటి నుంచి పేరొచ్చింది. సమాధి యేసు కాలం కంటే కొన్ని వందల ఏళ్లు పాతదని పురాతత్వవేత్తల మాట. అయినా చెట్లు, నిశ్శబ్దం, కూర్చోవడానికి బల్లలు ఉన్నాయి. అమ్మ ఇక్కడే సుఖంగా కూర్చుంటుందనుకున్నాను. కూర్చుంది. "బాగుంది. నిన్నటి చోట ప్రార్థన సాగలేదుగానీ, నిన్నటిదే గుర్తొస్తోంది" అంది.

ఎనిమిదో రోజు – ఎమ్మాయు

విమానాశ్రయానికి పోయే దారిలో చివరి మజిలీ. లేచిన ప్రభువు ఇద్దరు శిష్యులతో నడిచి వెళ్లిన ఊరు, యెరూషలేముకు ఆమడ దూరమని మన బైబిల్లో ఉన్న ఎమ్మాయు ఎక్కడో ఈనాటికీ ఎవరూ తేల్చలేదు. అబూ ఘోష్ అంటారు, ఎల్ కుబైబా అంటారు, మోత్సా అంటారు. మేం ఆగింది లాత్రూన్ దగ్గరి ఎమ్మాయు నికోపోలిస్ శిథిలాల దగ్గర. దూరాన్ని ఎక్కువగా చెప్పే కొన్ని పాత ప్రతుల లెక్క ప్రకారమే ఇది సరిపోతుంది. రొట్టె విరవగానే ఆయనను గుర్తుపట్టిన ఇల్లు ఏదో చూపించేవాళ్లే లేరు. గుర్తుపట్టిన మరుక్షణం ఆయన వారికి కనబడకుండా పోయాడు గదా.

వాన వెలిసింది. కప్పులేని బైజంటైను గుడి గోడల మధ్య అయ్యగారు రొట్టె విరిచారు. లూకా ఇరవై నాలుగో అధ్యాయం చదవమని అమ్మను అడిగారు. తడిసిన నేలమీద నిలబడే చదివింది. "సాయంకాలము కావచ్చినది, ప్రొద్దు గ్రుంకినది, మాతోకూడ ఉండుమని" అన్నచోట గొంతు పట్టేసింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

విమానాశ్రయంలో చూస్తే ఆమె చెప్పులకు ఆ మట్టి అంటుకుని ఎండిపోయి ఉంది. కాగితం తీసి తుడవబోయాను. "ఉండనీయరా" అని కాళ్లు వెనక్కి లాక్కుంది.